వాల్మీకిపుర ప్రాంతము : నీటి యెల్లలు, కచేరీ యెల్లలు

ఒక సీమకు ఎల్లలు రెండు తెఱగులుగా ఏర్పడుచుండును. కొండయు, కనుమయు, ఏరును కలసి నిర్ణయించునవి ఒక తెఱగు. కచేరిలో కూర్చుండి పటముపై గీచునవి వేఱొక తెఱగు. ఈ రెండును ఒక్కచోట కలిసిన సందర్భములు అరుదు. కలియనప్పుడు ఆ నడుమ చిక్కుకొన్న గ్రామములకు వాటిల్లు మేలు కీళ్ళను విచారించుటకు చిత్తూరుసీమ పడమటి భాగము మిక్కిలి అనువైనది. వాల్మీకిపురము, మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను నాలుగు ఊళ్ళను ఆనవాళ్ళుగా గైకొని ఈ వ్యాసమున ఆ విచారమును చేయనెంచితిమి. తెలుగుశాఖవారికి భూగోళముతోను, రెవిన్యూ వ్యవహారముతోను పనియేమని కొందఱు అడుగవచ్చును. పని కలదు. శాసనములందలి నాడు, సీమ, స్థలము మొదలుకొని నేటి మండలము వఱకు మన భాషలోని పెక్కు మాటలు పుట్టుటయు, అర్థము మార్చుకొనుటయు ఈ వ్యవహారమునందే జరిగినవి.

ముందుగా భూమి స్వరూపమును చూతము. తిరుపతినుండి భాకరాపేట కనుమ మీదుగా గాని, చిత్తూరునుండి మొగిలి కనుమ మీదుగా గాని పడమటికి పోవు బాటసారి ఒక మెట్టు ఎక్కినట్లు పైభూమిని చేరును. ఇది మైసూరు పీఠభూమికి తూర్పు అంచు. మదనపల్లె సముద్రమట్టమునకు 2,200 అడుగులకు పైని ఉన్నది. ఆ చేరువనే 4,000 అడుగులను మించిన కొండ యొకటి కలదు. దానికి తొలి పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర వేసవి విడిదికై అచ్చట బంగళా కట్టించుకొనుటచే హార్స్లీ కొండ యను పేరు వాడుకలోనికి వచ్చినది. పాత పేరు స్థానికుల నోట నేటికిని చెడలేదు.

ఈ మెట్టును పూర్వపు పాలకులు బాగుగా గుర్తెఱిగిరి. కనుమలకు పైనున్న దేశమును బాలాఘాటనియు, క్రిందనున్న దానిని పాయినుఘాటనియు నవాబుల కాలమున వ్యవహరించిరి. పారసీకమున 'బాలా' యనగా పైది, 'పాయీన్' అనగా క్రిందిది. భూమి ఎత్తుపల్లములే పరిపాలనా విభాగములకు పేర్లయిన సందర్భమిది. కనుమ దిగిన పిమ్మట వాన వేఱు, పంట వేఱు. ఈశాన్య ఋతుపవనముల వాన తూర్పు తాలూకాలకు దక్కినంతగా పైభూమికి దక్కదు. నైరృతి ఋతుపవనములును ఇచ్చటికి చేరునప్పటికి బలహీనపడును. రెండు వానలకును ఈ సీమ చివరి బంధువు. కనుకనే ఇచ్చట వేరుసెనగ, రాగి, ఉలవ, పెసర వంటి మెట్టపంటలు ప్రధానములు. గాలి పొడిగా నుండుటయే వరముగా ఎంచి 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగ చికిత్సాలయమును నెలకొల్పిరి. అదే సంవత్సరమున అనిబిసెంటమ్మ మదనపల్లెలో కళాశాలను స్థాపించెను. నేడు మదనపల్లె సంత టమాటకు దేశమంతట పేరుపొందినది. చల్లని ఎత్తుభూమి, బావినీరు, బెంగుళూరు మదరాసు నగరములకు పోవు బాట ఈ మూడును కలిసిరానిచో ఆ పేరు వచ్చెడిది కాదు. గడ్డి కొఱవడిన భూమిలో తక్కువ మేతతో బ్రదుకగల పొట్టి పశువు వలయును. పుంగనూరు ఆవు అట్టిది. ఊరి పేరే జాతి పేరైనది. ఆ జాతిని కాపాడుటకై పలమనేరులో పశుపరిశోధన స్థానము నడచుచున్నది.

ఇక నీటి మాట. వాల్మీకిపుర, మదనపల్లె ప్రాంతముల నీరు ఉత్తర ఈశాన్యములుగా పాఱును. బాహుదా, పింఛా అను ఏళ్ళు ఈ ఎత్తుభూమి వాననీటిని కొనిపోయి చెయ్యేరుగా మాఱి రాజంపేట, నందలూరుల మీదుగా పెన్నను చేరును. నిమ్మనపల్లె యొద్ద బాహుదాపై జలాశయము కలదు. తంబళ్ళపల్లె దిక్కున నందికొండలలో పుట్టిన పాపాఘ్ని ప్రవహించి కమలాపురము కడ పెన్నలోనే కలియును. దక్షిణమున కథ వేఱు. పలమనేరు మీదుగా పోవు కౌండిన్య తమిళదేశమునందలి గుడియాత్తము దిక్కునకు దిగి పాలారులో కలియును. కుప్పము ప్రాంతమునందైతే పాలారే స్వయముగా పాఱును. కర్ణాటకమున సుమారు 93, ఆంధ్రమున 33, తమిళనాట 222 కిలోమీటర్లు నడచు నది పాలారు. మన పాలు స్వల్పమే గాని నడిమిది. నడిమివాడు ఆనకట్ట తలపెట్టిన ప్రతిసారియు దిగువవాడు అడ్డుకొనును. 1892లో మదరాసు, మైసూరు ప్రభుత్వములు చేసికొన్న నదీజలముల ఒడంబడికలో పాలారును చేరి యున్నది. ఆ ఒడంబడిక ప్రస్తావన లేక నేటికిని పాలారు తగవు నడువదు. కనుక మనము ఒకే సీమయని తలంచు ఈ నాలుగు ఊళ్ళ నీరు నిజమునకు రెండు నదుల పాలు. వాల్మీకిపురమున కురిసిన వాన నెల్లూరు చెంత సముద్రము చేరగా, కుప్పమున కురిసినది మదరాసునకు దక్షిణమున చేరును.

నదులు ఏడాదిలో కొన్నినాళ్ళే పాఱు సీమకు దిక్కు చెఱువు. ఇచ్చటి పరిపాలనలోని తొలి పాఠమంతయు చెఱువుకట్ట మీదనే నేర్వవలసియున్నది. చెఱువునకు కట్ట, తూము, మరవ, ఆయకట్టు అను నాలుగు అంగములు. ఎక్కువ నీరు పొంగి పోవుదారి మరవ. చెఱువు నిండినదనుటకు రైతులు 'మరవ పాఱినది' అందురు. ఒక చెఱువు మరవ పాఱిన నీరు క్రింది చెఱువునకు చేరునట్లు గొలుసుగా కట్టుట ఈ సీమ కట్టడములోని నేర్పు. పై చెఱువు మరవను ఒక అడుగు ఎత్తించిన క్రింది ఊరు ఎండును. కావుననే మరవ ఎత్తు ఊరి తగవు మాత్రమే కాదు. రెండు ఊళ్ళ నడుమ ఒడంబడిక. తూమునొద్ద కావలియుండి వంతులవారిగా నీరు వదలువాడు నీరుగంటి. వానికి ఆయకట్టు రైతులు పంటలో మేరనిచ్చిరి. మదనపల్లె పట్టణమున పట్టునేతకు పేరుపడిన పేటకు నీరుగట్టువారిపల్లె యని పేరు. నీరు కట్టు వృత్తివారి పేరే ఊరి పేరై, పిమ్మట మగ్గములు వచ్చినను పేరు నిలిచినదని మా యభిప్రాయము.

చెఱువును త్రవ్వించినవానికిని, మరమ్మతు చేయించువానికిని భూమిని గాని, శిస్తులో భాగమును గాని విడుచుట దశబంధము. కడప, అనంతపురము, చిత్తూరు సీమలలో ఈ ఇనాములు మెండు. పదియవ వంతు అను అర్థము మాటలోనే కాననగును. ఇది దానము కాదు, షరతు. చెఱువు చెడిన ఇనాము పోవును. సర్కారు ధనము వెచ్చింపకయే గట్టు నిలుచుటకు ఇంతకన్న తేలికైన ఏర్పాటు మఱియొకటి కానరాదు. 1956 నాటి ఆంధ్ర ఇనాముల రద్దు చట్టముతో ఇనాముల వ్యవస్థయే తొలగుటకు దారి ఏర్పడినది. ఇనాము పోవుట న్యాయమే. కాని ఇనాముతోపాటు ఉండిన పూచీ ఎవరికి సంక్రమించినదను ప్రశ్నకు చాలకాలము జవాబు లేకపోయినది. 1997లో రైతుల నీటి యాజమాన్య చట్టము వచ్చి నీటి వినియోగదారుల సంఘములను ఏర్పఱచినది. చట్టమున సంఘమునకు అధ్యక్షుడు కలడు, నీరుగంటి లేడు.

ఈ భూమిని ఎవరెవరు ఎట్లు విభజించిరో ఇప్పుడు పరికింతము. మదనపల్లె చెంతనున్న చిప్పిలి రేనాటి చోళుల నాటి చిర్పులి యని చరిత్రకారులు గుర్తించిరి. రేనాటిని ఏడువేల నాడని శాసనములు చెప్పును. ఈ ఏడువేలు గ్రామముల సంఖ్యయా, పంట లెక్కయా, శిస్తు లెక్కయా యనునది తెగని చర్చ. గ్రామములనుకొన్నచో అంత చిన్న సీమలో అన్ని ఊళ్ళు పట్టవు. సంఖ్య ఎట్టిదైనను ఒకటి స్పష్టము. నాడు అనగా కేవలము భూమి కాదు, లెక్కకు వచ్చిన భూమి. తరువాత విజయనగరపు నాళ్ళలో సీమ, స్థలము అను మాటలు వ్యాపించినవి. అటుపిమ్మట పాళెగాండ్రు. వాల్మీకిపురమునకు చేరువనున్న గుఱ్ఱంకొండ దుర్గము కడప నవాబుల కాలముననేమి, హైదరు టీపుల కాలముననేమి ఈ పైభూమికంతటికి తలమానికము. కొండమీది కోట కూలినను క్రిందనున్న రంగినీ మహలు నేటికిని చూడదగియున్నది. గుఱ్ఱంకొండకు దగ్గఱి తరిగొండయే వెంగమాంబ జన్మస్థలము. ఆమె జీవితకాలము 1730 మొదలు 1817 వఱకు. అనగా నవాబు, హైదరు, టీపు, నిజాము, కుంఫిణీ అను అయిదు దొరతనములు ఆమె పుట్టిన ఊరిమీదుగా మాఱినవి. వెంగమాంబ కృతులను పరిశీలించు విద్యార్థులు ఈ కాలక్రమమును ప్రక్కన పెట్టుకొని చదువుట మంచిది.

1792, 1799 సంవత్సరముల సంధులలో టీపు రాజ్యమునుండి నిజామునకు చేరిన భూములను నిజాము 1800లో కుంఫిణీకి దత్తము చేసెను. ఇవియే దత్తమండలములు. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు ఆ విధముగా వచ్చినవి. తామసు మన్రో 1800 మొదలు 1807 వఱకు వాటికి ప్రధాన కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని పాదుకొల్పెను. ఆయన వెళ్ళిన పిమ్మట 1808లో బళ్ళారి, కడప జిల్లాలు ఏర్పడినవి. మదనపల్లెలో 1850లో సబ్ కలెక్టరు కచేరి నెలకొన్నది. పుంగనూరు చరిత్ర వేఱు. కోలారు దిక్కునుండి వచ్చిన సుగటూరు వంశపు పాళెగాండ్రది ఆ సంస్థానము. అది జమీందారీయై ఉత్తరార్కాడులో చేరినది. కుప్పము ప్రాంతము కంగుంది జమీందారీ. అదియు ఉత్తరార్కాడుదే. అందుచే ఒక గట్టుకు ఈవలి రైతు సర్కారునకు తానే పట్టాదారుడై నేరుగా శిస్తు కట్టగా, ఆవలి రైతు జమీందారు కచేరిలో కట్టెను. ఈవల జమాబందీ, ఆవల ముచ్చలిక. ఈ భేదము 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము అమలగువఱకు సాగినది. పాత దస్త్రములు చదువు విద్యార్థి ఇది మఱచినచో ఒకే మాటకు రెండు తావులలో రెండర్థములుండుట చూచి తికమకపడును.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న పుట్టినది. కడపనుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు, ఉత్తరార్కాడునుండి చిత్తూరు, పలమనేరు మున్నగునవి, పుంగనూరు, కాళహస్తి, కార్వేటినగర జమీందారీలు ఒక మూటగా కట్టబడినవి. బాలాఘాటును పాయినుఘాటును ఒక్క కలెక్టరు క్రిందికి తెచ్చిన ఏర్పాటిది. రైతువారీ భూమియు జమీందారీ భూమియు, తెలుగు మాత్రమే తెలిసిన ఊళ్ళును మూడు భాషలు కలిసిన ఊళ్ళును ఇందు చేరినవి. 1960 ఏప్రిల్ 1న పటాస్కరు తీర్పు ననుసరించి తిరుత్తణి మదరాసు రాష్ట్రమునకు పోయి సత్యవేడు చిత్తూరునకు వచ్చినను పడమటి భాగము కదలలేదు. ఈ మూట నూటపదునొకండు ఏండ్లు విప్పబడలేదు. జిల్లాలు నీటి లెక్కతో గాని, భాష లెక్కతో గాని కాక కచేరి అవసరముతో పుట్టుననుటకు ఇదియే నిదర్శనము. అట్లు పుట్టినదియు అలవాటుచే ఒక బంధువర్గముగా మాఱుననుటయు అంతే నిజము.

జిల్లా క్రింద తాలూకా, తాలూకా క్రింద ఫిర్కా, ఫిర్కా క్రింద గ్రామము. గ్రామమున రెడ్డి, కరణము, తలారి, వెట్టి, నీరుగంటి. 1816 నాటి నాలుగవ రెగ్యులేషను గ్రామపెద్దను మునసబుగా చేసి చిన్న దావాలు విను అధికారమిచ్చినది. కరణము చేతిలో అడంగలు. ఏ సర్వే నెంబరులో ఏ పంట, ఎవరి అనుభవము, ఏ నీరు అను వివరములు అందుండును. లెక్క ఫసలీ సంవత్సరమున నడచును. క్రీస్తుశకమునుండి 590 తీసివేసిన ఫసలీ వచ్చును. దాని ఆది జూలై 1. అనగా 2011 జూలై మొదలు 2012 జూన్ వఱకు 1421 ఫసలీ. వానకాలము, పంట, శిస్తు మూడును ఒక లెక్కలో ఇముడునట్లు ఏర్పడిన సంవత్సరమిది. అరబ్బీ మాట, మొగలాయి ఏర్పాటు, కుంఫిణీ వాడుక, తెలుగు కరణము చేతివ్రాత అన్నియు ఒక్క అడంగలు కాగితమున కాననగును.

1984 జనవరి 6న ఆర్డినెన్సు ద్వారా వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దయినవి. అత్యున్నత న్యాయస్థానము 1985లో ఆ రద్దును సమర్థించినది. కరణీకపు పెత్తనముచే నలిగిన ఊళ్ళకు అది విముక్తియే. అందు మాకు సందేహము లేదు. అయినను ఉద్యోగము రద్దయినంత సులభముగా జ్ఞానము బదిలీ కాలేదు. ఏ పోరంబోకు ఏ చెఱువునకు నీరుపట్టు భూమియో, ఏ వంక ఎవరి పట్టాలో కలిసిపోయినదో కాగితముకన్న ఎక్కువగా కరణము తలలో నుండెడిది. ఆ తల ఒక నాటితో కచేరికి పరాయిదైనది.

ఏడాది గడచి 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. రాష్ట్రమునందు 1,100 పైబడిన మండలములు ఏర్పడగా చిత్తూరు జిల్లాకు 66 దక్కినవి. వాయల్పాడు తాలూకా వాల్మీకిపురము, గుఱ్ఱంకొండ, కలికిరి, కలకడ మున్నగు మండలములుగా విడిపోయినది. ప్రజలకు కచేరి దగ్గఱయైనది. కాలినడకను పోయి సాయంకాలమునకు ఇల్లు చేరగల దూరమున అధికారి యుండుట సామాన్యమైన లాభము కాదు.

ఇచ్చట 'మండలము' అను మాటపై కొంత నిలువవలసియున్నది. చోళుల తొండైమండలము, జయంకొండ చోళమండలము మహారాజ్య భాగములు. 1950 ప్రాంతపు తెలుగు వ్రాతలలో మండలమనగా జిల్లా. కృష్ణా మండలము, కడప మండలము అని ఆనాటి పండితులు వ్రాసిరి. దత్తమండలములు అన్నపుడును అదే అర్థము. 1985 తరువాత ఆ మాట ఒక్కసారిగా ఫిర్కాకు కొంచెము మించిన విభాగమునకు దిగినది. కనుక 1985కు పూర్వపు గ్రంథమున 'ఈ మండలమున' అని కనబడినచోట నేటి విద్యార్థి పొరబడు ప్రమాదము కలదు.

ఈ మాట సముద్రముల కావలను ఇట్టి విధినే పొందినది. సయాము దేశమున 1890 తరువాత దామ్రోంగు రాజకుమారుడు దేశ పరిపాలనను సంస్కరించి కొన్ని రాష్ట్రములను కలిపి ఒక్కొక్క విభాగముగా చేసెను. దానికి పెట్టిన పేరు 'మొంథొన్'. అది మన మండల శబ్దమే. అచ్చట మండలము జిల్లాలకు పైది. మనకు జిల్లాలకు క్రిందిది. 1933లో సయాము మండలములు రద్దయినవి. వాటి క్రిందనుండిన ఆంఫో, తంబొన్, ముబాన్ అను విభాగములు మాత్రము నేటి థాయిలాండునందును నిలిచియున్నవి. తంబొన్ పెద్దయగు కమ్నాను ఆ ఊళ్ళవాడే. 1914 నాటి స్థానిక పరిపాలన చట్టము అతని విధులను నిర్ణయించినది. మన రెడ్డిని పోలిన స్థానికుడు అచ్చట సంస్కరింపబడి నిలువగా ఇచ్చట తొలగింపబడెను. మన గ్రామోద్యోగము కులముతోను వంశముతోను ముడిపడియుండుటయే ఈ భేదమునకు ముఖ్యకారణమని మాకు తోచుచున్నది. సంస్కరించుటకు వీలులేని ముడి అది.

తాలూకా పేరు మాటకు వత్తము. నేడు కచేరి పలకపై వాల్మీకిపురము, రైలు స్టేషనుపై వాయల్పాడు. పాకాల ధర్మవరము రైలుదారి 19వ శతాబ్దపు చివరి దశాబ్దమున పడినది. ఆనాడు వ్రాసిన పేరు ఇనుపబాట వెంట నిలిచిపోయినది. వాల్మీకి ఇచ్చట తపస్సు చేసెననుట స్థలపురాణము. పట్టాభిరాముని ప్రాచీనాలయము ఉన్న ఊరికి ఆ కథ అతుకుట సహజము. 'వయల్' అనగా తమిళమున పొలము కావున వయల్‌పాడు అని కొందఱు చెప్పుదురు. కాని జనుల ఉచ్చారణమున తొలి అచ్చు దీర్ఘము. దీర్ఘమెట్లు వచ్చినదో ఈ వాదము చెప్పజాలదు. వావిలి చెట్టునకు వాయిలి యను రూపమును కలదు. చెట్టు పేరుపై పాడు చేరిన ఊళ్ళు తెలుగునాట కొల్లలు. వాయిలిపాడు వాయలుపాడై, వాయల్పాడగుట ధ్వనిశాస్త్రమునకు అనుకూలము. వాల్మీకిపురము దానికి సంస్కృతీకరణమని మా నిర్ణయము. పేరు మార్పుతో కథ ఆగలేదు. 2008 నాటి నియోజకవర్గముల పునర్విభజనతో వాయల్పాడు శాసనసభ నియోజకవర్గమును అంతరించినది. తాలూకా 1985లో, నియోజకవర్గము ఆ పిమ్మట, ఇట్లు ఒక్కొక్క మెట్టే పోయి నేడది మండలకేంద్రము మాత్రమే. పెద్దలు నేటికిని తమది వాయల్పాడు తాలూకా అని చెప్పుకొనుటలో వింత లేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినపుడు 1911 నాటి మూట విడిపోయినది. మదనపల్లె, వాల్మీకిపురము రాయచోటి కేంద్రముగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పము చిత్తూరున నిలిచినవి. మదనపల్లెవారు తమ ఊరు జిల్లా కేంద్రము కాలేదని ఖేదపడిరి. కొలువులు, బస్సులు, దుకాణములు, భూముల ధరలు కచేరి వెంట నడచునుగదా. ఆ ఖేదము న్యాయమైనదే. కాని ఆ చర్చలో నీటి మాట ఎత్తినవారు అరుదు.

2021 నవంబరు 19 నాటి సంగతిని ఇచ్చట చెప్పవలసియున్నది. వాయుగుండపు వానలకు ఎగువభూమి నీరంతయు పింఛా, బాహుదాలలో దిగినది. పింఛా జలాశయపు కట్ట తెగినది. ఆ వఱద రాజంపేట చేరువ చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్టను కోసివేసినది. తెల్లవాఱుజామున దిగువ గ్రామములపై నీరు పడి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఇండ్లు, పశువులు, పొలములు కొట్టుకొనిపోయినవి. పంటభూములలో ఇసుక మేటవేసినది. ఆనాడు ఎగువ వానపడిన భూమిలో పెద్దభాగము చిత్తూరు జిల్లా, మునిగిన ఊళ్ళు కడప జిల్లా. ఎగువన ఎంత నీరు వచ్చుచున్నదో దిగువకు ఎంత ముందుగా తెలియునను ప్రశ్నయే అట్టి రాత్రి ప్రాణప్రశ్న. అయిదు నెలలకు వచ్చిన పునర్విభజన మదనపల్లె, రాయచోటి, రాజంపేటలను ఒక్క జిల్లాగా చేర్చినది. పార్లమెంటు నియోజకవర్గపు ఎల్లలే ఆ కూర్పునకు కొలబద్ద యైనను, ఫలితముగా చెయ్యేటి ఎగువయు దిగువయు ఒక్క కలెక్టరు క్రిందికి వచ్చినవి. 1911 మొదలు లేని సంగతి యిది. నీటి యెల్ల, కచేరి యెల్ల కాకతాళీయముగా దగ్గఱపడిన సందర్భమిదియొక్కటియే మాకు కానవచ్చినది. 2025 చివర ప్రభుత్వము జిల్లాల ఎల్లలను తిరిగి సవరింప పూనుకొనగా, మదనపల్లె కేంద్రముగా జిల్లా యను కోరిక అందు ప్రధానాంశమైనది. కేంద్రము ఏ ఊరైనను కావచ్చును. ఎగువ వానలెక్క దిగువ తహశీలుదారునకు చేరు దారి మాత్రము జిల్లా పేరుతో నిమిత్తము లేక ఉండవలెను.

కుప్పము సంగతి మఱియొక తీరు. మూడు రాష్ట్రములు కలియు మూల. బెంగుళూరు జోలార్పేట రైలుదారి దానిని బెంగుళూరునకు చేరువ చేయగా, 2022 వఱకు దాని డివిజను కచేరి మాత్రము నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరమున మదనపల్లెలో నుండినది. భూమి తగవు అప్పీలు కొఱకు కుప్పపు రైతు ఒక దినపు కూలి, రానుపోను బస్సు వ్యయము వెచ్చింపవలసి వచ్చెడిది. 2022లో కుప్పము, పలమనేరు ప్రత్యేక డివిజనులైనవి. భాషల కూడలి యగుటచే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును అచ్చట నెలకొల్పిరి. అడవి యెల్లకు కచేరి యెల్లతో పనిలేదని నేర్పినవి ఏనుగులు. 1980 దశకమున పొరుగు రాష్ట్రముల అడవులనుండి మందలు వచ్చి కౌండిన్య లోయలో స్థిరపడగా 1990లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. నాటినుండి పంటనష్టపు అర్జీ యనునది కుప్పము, పలమనేరు కచేరీలలో ఒక ప్రత్యేక శాఖయైనది. నీరును ఇపుడు కొండలు దాటి వచ్చుచున్నది. శ్రీశైల జలాశయమునుండి కృష్ణనీటిని ఎత్తిపోయు హంద్రీనీవా కాలువకు పుంగనూరు శాఖ, దానికి కొనసాగింపుగా కుప్పము శాఖ త్రవ్వబడినవి. 2025 ఆగస్టున ఆ నీరు కుప్పపు చెఱువులకు చేరినది. కృష్ణనీరు పాలారు పరీవాహమున పడుట ఈ భూమి ఎఱుగనిది. ఆ నీటికి వంతులు నిర్ణయించుటకు పాత మరవల లెక్క చాలదు. కొత్త లెక్క ఇంకను కుదురుకొనలేదు.

ఇన్ని మార్పుల నడుమ పరిశోధకునకు ఆధారము దస్త్రము. మెకంజీ దొర 1800 తరువాత కావలి సోదరుల సాయమున ఊరూర వ్రాయించిన కైఫియతులలో దత్తమండలముల చెఱువులు, ఇనాములు, పాళెములు కాననగును. కరణములు నోట చెప్పినది, కవిలెలలో ఉన్నది అందు చేరినది. ఆ తరువాతి కాలమునకు అడంగళ్ళు, ఇనాము రిజిష్టరులు, సెటిల్మెంటు దస్త్రములు దిక్కు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కచేరిలో నిప్పంటుకొని భూదస్త్రములు పెక్కు కాలినవి. దానిపై ప్రభుత్వము విచారణకు ఆజ్ఞాపించినది. కారణములతో ఈ వ్యాసమునకు పనిలేదు. 1850 మొదలు ఒకేచోట కూడుచు వచ్చిన కాగితములు ఒక్క రాత్రి నష్టపడగలవను సంగతియే మనకు ముఖ్యము. నష్టపడునది రైతు హక్కు మాత్రమే కాదు. ఏ చెఱువునకు ఏ దశబంధము, ఏ వంకకు ఏ పేరు అను నామావళియు దానితోనే పోవును.

అట్టి వివరములకు ప్రతులు దొఱకు తావులు ఇంకను కొన్ని కలవు. తహశీలు కచేరీల అటకలు, జిల్లా దస్త్రాగారము, రాష్ట్ర ప్రాచ్య లిఖిత భాండాగారములు, అన్నిటికన్న ముందుగా 1984కు పూర్వము కరణీకము చేసినవారి ఇండ్లు. ఆనాడు ముప్పదియేండ్లవారు నేడు డెబ్బది దాటినవారు. ఈ శాఖలో పరిశోధన చేయనున్న విద్యార్థి వాల్మీకిపుర మండలమున ఒక్క చెఱువును ఎంచుకొని, దాని తూములకు, మడవలకు, మరవకు, వంకలకు ఆ పెద్దలు చెప్పు పేర్లను వ్రాసికొని, ఇనాము రిజిష్టరుతోను కైఫియతుతోను సరిచూచినచో ఒక సిద్ధాంతగ్రంథమునకు చాలినంత పదసంపద చేతికి వచ్చును. గుఱ్ఱంకొండ, కలికిరి మండలములలో ఆ పని ఇంకను సులభము. అచ్చట చెఱువుల గొలుసు చెడిపోలేదు.